నాంచారమ్మ పరుపులో నిద్ర

పత్తి తీతలు అయిపోయి, కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో జాన్ బాషా ఏటా ఊళ్లోకి వచ్చేవాడు. భుజాన దూదేకే విల్లు, తలకి ఎర్ర తలపాగా. ఊరి మొదట్లో వేపచెట్టు కింద కూర్చుని పాత పరుపులు విప్పి ఏకుతుంటే, వాటిమీద ఏళ్ల తరబడి పడుకున్న వాళ్ల నిద్ర దూదితోపాటు పైకి లేచి, దగ్గరికి వచ్చినవాళ్లకి పట్టేది. అందుకని ఆ పూట ఆడవాళ్లు పొయ్యి మీద పాలు పెట్టి అటువైపు వెళ్లేవాళ్లు కాదు. చిలకలూరిపేటకి పత్తిబళ్లు తోలేవాళ్లు ఆ చెట్టు దాటేదాకా ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్లు. ఒక్క కామందు సీతారామాంజనేయులు గారి పరుపు మాత్రం రెండు రోజులు ఏకినా కాకి కూడా కునకలేదు. పక్కవాడి గట్టు ఎలా జరపాలా అని ఆలోచిస్తూ పడుకునే మనిషికి నిద్రెక్కడిది?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు సుబ్బరావమ్మకి ఇవేవీ నవ్వొచ్చే సంగతులు కావు. ఆమె కొడుకు చలమయ్యకి పది నెలలు. మూడు నెలల నుంచి దీపం పెట్టింది మొదలు తెల్లారేదాకా వాడు ఒకటే ఏడుపు. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, వాము నీళ్లు కాచి పట్టింది, చీరతో ఉయ్యాల కట్టి చెయ్యి పడిపోయేలా ఊపింది. కల్లంలో తొడిమలు తీస్తూ కునికి మిరపకాయల రాశిలో మొహం పెట్టి పడింది. రేపట్నుంచి రావద్దన్నాడు మేస్త్రి. ఆమె మొగుడు పానకాలు పేటలో పత్తి మిల్లు పనివాడు. నిద్రకి తూగుతూ మిషన్లో చెయ్యి పెట్టబోతే పక్కవాడు రెక్క పట్టి లాగాడు. ఇంకోసారి లాగేవాడు ఉంటాడో లేదో.

"ఆవగింజంత నల్లమందు పాలల్లో రంగరించి పొయ్యవే. నా పిల్లలు నలుగుర్నీ అట్టాగే పెంచా" అంది పక్కింటి అంకమ్మ.

అంకమ్మ ఐదోవాడి సంగతి ఎత్తదు. ఊళ్లో ఎవరూ ఎత్తరు. సుబ్బరావమ్మ ఆ నల్లమందు ఉండ కొంగున కట్టుకుని మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు ఇక లాభం లేదని ముడి విప్పబోతుంటే జాన్ బాషా విల్లు మోత వినపడింది.

బాగా నిద్రపోయిన మనిషి పరుపు దూదితో తలగడ కుట్టిస్తే పిల్లాడూ నిద్రపోతాడని వెంటనే అటకెక్కింది. అక్కడ అత్త నాంచారమ్మ పరుపు ఉంది. నాంచారమ్మ గొప్ప నిద్ర మనిషి. గాలివానకి ఇంటికప్పు లేచిపోయిన నాడు కూడా అటు తిరిగి పడుకుంది. ఆరు నెలల కిందట అలా నిద్రలోనే పోయింది. పోయినవాళ్ల పరుపు చాకలికి ఇచ్చెయ్యాలి. అంత దూది వదులుకోలేక సుబ్బరావమ్మ దాచింది. అలాంటి పరుపు పిల్లల కోసం జాన్ బాషా ముట్టుకోడని ఆమెకి తెలుసు. అందులో ఆఖరి నిద్ర కూడా ఉంటుంది. అన్ని వేల నిద్రల్లో నా బిడ్డకి అదొక్కటే తగులుతుందా అనుకుంది. మూడు నెలలు నిద్రలేని బుర్ర అంతకంటే ఏం ఆలోచిస్తుంది?

"ఎవరిదమ్మా ఈ పరుపు?" అన్నాడు జాన్ బాషా.

"మా పిన్నిది తాతా. కొత్తపట్నంలో ఉంటది. కొత్తది కుట్టించుకుని ఇది నాకిచ్చింది."

"చల్లగా ఉండాలి ఆ తల్లి" అని, చారెడు దూది ఏకి పిల్లాడికి తలగడ కుట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టేసరికి చలమయ్య నిద్రపోయాడు. సుబ్బరావమ్మ నల్లమందు ఉండ పొయ్యిలో పడేసి, వాడి పక్కన పడి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

తెల్లారింది. పానకాలు మిల్లుకి పోయాడు. ఎండ చూరు దిగింది. పిల్లాడు లేవలేదు. పాలు పడితే పెదవి చివర నుంచి కారిపోయాయి. మొహాన నీళ్లు కొట్టింది, తొడ మీద గిల్లింది. తలగడ లాగేసినా లాభం లేకపోయింది. ఊపిరి మాత్రం ఆడుతోంది, అదీ అంతకంతకీ పల్చబడుతోంది.

"ఏడవరా నాయనా! ఒక్కసారి ఏడువు. ఇంకెప్పుడూ నిన్ను తిట్టనురా!"

పిల్లాణ్ణి భుజాన, తలగడ చంకన పెట్టుకుని పొలాలకి అడ్డంపడి పరిగెత్తింది. జాన్ బాషా అప్పటికి పక్క ఊరు చేరి, చెరువుకట్ట కింద విల్లు దించుకుంటున్నాడు.

"మా అత్తది తాతా! అబద్ధం చెప్పా. నన్ను చంపు, వీణ్ణి లేపు!"

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి. తలగడ చింపి, పింజ పింజా విడిగా ఏకసాగాడు. ఏకిన ప్రతి పింజకీ నారి మోగుతోంది. ఒకచోట ఎంత కొట్టినా మోగలేదు. వక్కంత దూది. దాన్ని రెండు వేళ్లతో పైకి తీశాడు.

"కాల్చేద్దాం తాతా."

"బిడ్డ తలకి తగిలిందమ్మా. కాల్చినా పూడ్చినా వీణ్ణే వెతుక్కుంటా వచ్చుద్ది. ఎవరో ఒకరు ఈ ఆఖరి నిద్రని పడుకోవాల్సిందే."

"అయితే నేను పడుకుంటా. ఇటివ్వు!"

"నువ్వు పడుకుంటే, రేపు వీడు ఏడిస్తే లేచేదెవరు?"

సుబ్బరావమ్మ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇవ్వమని మళ్లీ అడగలేకపోయింది, వద్దనీ అనలేకపోయింది. బతికినన్నాళ్లూ ఆ సిగ్గు ఆమెని వదల్లేదు.

"ఈ విల్లు మా ఇంటిదానికి, ఖాజాబీకి అందించమ్మా" అన్నాడు జాన్ బాషా. "తిట్టుద్ది. తిట్టనియ్యి."

దూది పింజని తలపాగాలో దోపుకుని, ఎండ తగలకుండా కట్ట నీడలోకి జరిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆయన కళ్లు మూతపడగానే చలమయ్య గుక్కపట్టి ఏడ్చాడు.

ఆ రాత్రి కూడా వాడు తెల్లవార్లూ ఏడ్చాడు. సుబ్బరావమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.