మూడు బైకులు, ఒక తెల్ల వ్యాను

లాండ్రీలోకి నడుంలోతు నీళ్ళు వచ్చిన వరద ఏడాది ఇది జరిగింది. మా ఊళ్ళో ఆ ఏడాదిని ఎవరూ అంకెతో చెప్పరు. లాండ్రీ మునిగిన ఏడు అంటారు. పిల్ల పుట్టినా ఇల్లు కట్టినా దానికి ముందనో, తర్వాతనో చెప్పుకుంటారు.

ఆ లాండ్రీ పెద్దాసుపత్రిది. నేను అందులో వ్యాను డ్రైవర్ని. పొద్దున్నే వార్డుల వెనక గుమ్మం దగ్గర మాసిన దుప్పట్ల మూటలు ఎక్కించుకుని లాండ్రీకి చేర్చేవాణ్ణి. ఉతికి మడతపెట్టినవి మళ్ళీ ఆసుపత్రికి తెచ్చేవాణ్ణి. నా ఉద్యోగమంతా ఆ ఒక్క రోడ్డే. పోయేటప్పుడు వాసన, వచ్చేటప్పుడు ఇస్త్రీ వేడి. ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరు బతికి ఇంటికి పోయారో నాకు తెలిసేది కాదు. వరదకి మిషన్లన్నీ పాడయ్యాయి. వాటిని బాగుచేయించకుండా ఉతుకుడు పని ఎవరో కంట్రాక్టరుకి ఇచ్చేసి, మమ్మల్ని ఇళ్ళకి పంపేశారు.

ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు. మాట్లాడటం అంతకన్నా చేతకాదు. మూడో తరగతితో బడి మానేసినప్పుడు మాస్టారు, ‘వీడు వచ్చినా రాకపోయినా ఒకటే, తేడా తెలియదు’ అన్నాడని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. మా ఆవిడ నవ్వకుండా చెబుతుంది.

మా అమ్మాయి అదే ఆసుపత్రిలో నర్సు. అక్కడే ఎక్స్‌రే గదిలో పనిచేసే అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. అతని తండ్రి పళ్ళ డాక్టరు. కింద క్లినిక్కు, పైన ఇల్లు. మా వియ్యంకుడు మంచివాడు, ఈ మాట ముందే చెప్పెయ్యాలి. ఎక్కడ కనిపించినా రోడ్డు అవతలి నుంచే ‘బావగారూ’ అని పిలుస్తాడు. నా దంతం ఒకటి పైసా పుచ్చుకోకుండా పీకాడు. ‘మా బావగారి నోరు తెరిపించింది ప్రపంచంలో నేనొక్కణ్ణే’ అని ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తాడు.

నీళ్ళు తీసిన కొన్నాళ్ళకి అమ్మాయి ఫోన్ చేసింది.

“నాన్నా, మావయ్యగారు వాళ్ళు ఫారిన్ వెళ్తున్నారు. అక్కడ బైకులు అద్దెకి తీసుకుని కొండల్లో తిరుగుతారట. నిన్ను కూడా రమ్మంటున్నారు.”

“నన్నా?”

“నిన్నే. ఖర్చు సంగతి నీకొద్దు. ఆదివారం వచ్చి అందరితో కూర్చో, ప్లాను వేస్తున్నారు.”

వెళ్ళాను. భోజనాల బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి, అది చుట్టుకుపోకుండా మూలల్లో కాఫీ కప్పులు పెట్టారు. డాక్టరుగారు ఉన్నారు, మా అల్లుడున్నాడు, డాక్టరుగారి స్నేహితుడు ఇంకొకాయన ఉన్నాడు. ఆయనకి టైల్సు కొట్టు ఉంది, అందరూ టైల్సాయన అనే అంటారు. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక వీడియో పెట్టారు. ఎవరో బైకుకి కెమెరా కట్టుకుని తీసిన దారి. గుంజకి తాడు చుట్టినట్టు కొండకి రోడ్డు చుట్టారు. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ లేదు. అడుగున పచ్చటి సరస్సు. మలుపు తిరిగినప్పుడల్లా ఆ సరస్సు కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మారిపోతోంది. పైకి పోయేకొద్దీ రోడ్డు అంచున మంచు.

ఆ దారిలో బండి నడపాలనిపించింది. ఇక్కడ చెప్పినంత తేలిగ్గా కాదు, వీడియో అయిపోయినా తెర ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. బతుకంతా బండి నడిపాను గానీ నాకోసమని ఎక్కడికీ నడపలేదు. వెనక ఎప్పుడూ మూటలే. వెనక ఏమీ లేకుండా, మొహానికి గాలి తగులుతుంటే, ఆ కొండ మీదికి ఒక్కసారి వెళ్ళాలి. ఇంత గట్టిగా నేను ఇంతవరకు దేన్నీ కోరుకోలేదు. పెళ్ళి కూడా పెద్దవాళ్ళు చూసి చేసిందే.

“ఎలా ఉంది బావగారూ?”

“బాగుంది.”

“అంతేనా? ఇది చూసి టైల్సాయన కుర్చీలోంచి పడబోయాడు.”

“నేను పడబోయింది ఆ కొండని చూసి కాదు డాక్టరూ. నీ కుర్చీకి కాలు ఊగుతోంది. అందరి పళ్ళూ బిగిస్తావు, దాన్ని బిగించవు,” అన్నాడు టైల్సాయన.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే పని. ఏ నెలలో పోవాలి, ఏ కంపెనీ బైకు, హెల్మెట్లు ఇక్కడి నుంచి మోసుకుపోవాలా అక్కడే ఇస్తారా, బండికి గీత పడితే ఎవరు కట్టాలి. వాళ్ళు ముగ్గురూ పోట్లాడుకునేవాళ్ళు. పోట్లాట ఎటూ తేలకపోతే డాక్టరుగారు నా వైపు తిరిగేవారు. “మీరేమంటారు బావగారూ? డ్రైవింగులో మా అందరికంటే మీరే సీనియరు.” నేను “మీ ఇష్టం” అనేవాణ్ణి. మా ఇంట్లో పెద్దవాళ్ళూ అంతే. కావలసింది నోటితో అడగడం మాకు అలవాటు లేదు. ఎదుటివాళ్ళే కనిపెట్టి పెట్టాలి. వియ్యాలవారి ఇంట్లో మరీనూ.

ఒక ఆదివారం డాక్టరుగారు, “బావగారూ, మీ లైసెన్సు ఓసారి ఇవ్వండి. అక్కడ బండి నడపడానికి పర్మిట్టు తీయించాలి,” అన్నారు. జేబులోంచి తీసి ఇచ్చాను. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

మర్నాటి నుంచి మూతబడ్డ లాండ్రీకి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళబోయే దేశంలో రోడ్డుకి మనం పోయే పక్కన కాకుండా అవతలి పక్కన పోవాలి. లాండ్రీ వెనక దుప్పట్లు ఆరేసే ఖాళీ జాగా ఉంది. అందులో సుద్దముక్కతో రోడ్డు గీసుకుని, నా పాత బైకు మీద అవతలి పక్కనే పోవడం అలవాటు చేసుకున్నాను. తాళ్ళు కట్టే స్తంభాలే నాకు మలుపులు. కాపలా ఉండే అతను కాసేపు చూసి దగ్గరికొచ్చాడు.

“అన్నా, ఉద్యోగం పోతే మనుషులు తాగుతారు గానీ ఇలా గుండ్రంగా తిరగరు.”

“ప్రాక్టీసు.”

“సర్కస్‌లో చేరుతున్నావా?”

నవ్వొచ్చింది. చెప్పలేదు. అల్లుడి పెద్ద బైకుని కూడా ఓసారి ఎవరూ లేనప్పుడు స్టాండు తీసి కాళ్ళ మధ్య నిలబెట్టి చూశాను. బరువే. కానీ ఆపగలిగాను.

మా ఆవిడ దగ్గర మాత్రం దాచలేకపోయాను.

“రోజూ ఆ పాడుబడ్డ లాండ్రీకి ఎందుకయ్యా? దుప్పట్ల మీద బెంగ పెట్టుకున్నావా?”

“బైకు ప్రాక్టీసు. అక్కడ కొండమీద నడపాలి కదా.”

ఆవిడ చేస్తున్న పని ఆపింది. “నువ్వు కూడా నడుపుతున్నావా? నడుపుతానని వాళ్ళతో చెప్పావా?”

“లైసెన్సు తీసుకున్నారు.”

“లైసెన్సు జేబులోంచి తీసిచ్చావు. మాట నోట్లోంచి తీసిచ్చావా?”

“అడిగినప్పుడు చెబుతాను.”

“నిన్ను అడుగుతారా! అంతసేపూ మాట్లాడేవాళ్ళకి అడిగే తీరికెక్కడిది?” అని మళ్ళీ పనిలో పడింది.

అన్నీ కుదిరాయని డాక్టరుగారు ఒక సాయంత్రం ఇంటిల్లిపాదినీ పిలిచారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కంప్యూటరుని టీవీకి తగిలించారు. వియ్యపురాలు కేకు ముక్కలు పంచిపెడుతోంది. మా అమ్మాయి నా కుర్చీ పక్కనే నిలబడింది.

తెర మీద ఎర్ర బైకు వచ్చింది. “ఇది నాది,” అన్నారు డాక్టరుగారు. నల్లది వచ్చింది, మా అల్లుడిది. తర్వాత నీలం రంగుది, దానికి రెండు వైపులా పెట్టెలున్నాయి. నాదే అనుకున్నాను. “ఇది టైల్సాయనకి. ఈయన బరువుకి వేరే బండి ఆగదు,” అన్నారు. టైల్సాయన లేచి దణ్ణం పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగోది ఏ రంగో అని చూస్తున్నాను.

నాలుగోది వ్యాను. తెల్లది.

“ఇదిగో బావగారూ, ఇది మీది!”

వియ్యపురాలు చప్పట్లు కొట్టింది. అల్లుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఆటోమేటిక్ గేర్లు మావయ్యగారూ. ఏసీ ఉంది. మీరు అలా స్టీరింగు పట్టుకుంటే చాలు, అదే పోతుంది.”

“మా పెట్టెలూ, వాన కోట్లూ, టైల్సాయన మందుల సంచీ, అన్నీ అందులోనే,” అన్నారు డాక్టరుగారు. “అద్దె బైకు మీద సామాను కట్టుకుని ఏం ఎంజాయ్ చేస్తాం చెప్పండి. మీరు లేకపోతే ఈ టూరే లేదు. ఇంకో మంచి సంగతి. ఆ మలుపుల బాధ మీకు లేదు. వ్యానుకి కొండ అడుగున సొరంగం ఉంది. ఇటు దూరితే అటు తేలడమే. మేం పైనుంచి ఊగుతూ దిగేసరికి మీరు హోటల్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటారు.”

“అదృష్టవంతుడివయ్యా. మా నడుములు విరుగుతాయి, నీది విరగదు,” అన్నాడు టైల్సాయన. నిజంగానే అన్నాడు, ఎగతాళిగా కాదు.

“ఏమంటారు బావగారూ?”

అడిగారు. మా ఆవిడ అడగరంది గానీ అడిగారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నోట్లో కేకుంది. మింగాను.

“బాగుంది,” అన్నాను.

కాసేపటికి లేచి వరండాలోకి వస్తే అమ్మాయి వెనకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“నీకో సంగతి చెప్పాలి నాన్నా. అసలు మొదట వీళ్ళు ముగ్గురే అనుకున్నారు. సామానుకి అక్కడే ఎవరో డ్రైవర్ని మాట్లాడుకుందాం అన్నారు. నేనే పట్టుబట్టాను. మా నాన్న ఉండగా ఎవడో ఎందుకు, ఆ డబ్బు పెట్టి ఆయన్నే తీసుకెళ్ళండి అన్నాను. మావయ్యగారు వెంటనే సరే అన్నారు. నువ్వు ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు కదా.” నా చొక్కా మీద కేకు పొడి దులిపింది. “నీకు ఇష్టమే కదా?”

దాని మొహం చూసి వేరే మాట ఎలా వస్తుంది?

“మంచి పని చేశావమ్మా,” అన్నాను.

ఇంటికొచ్చి పడుకున్నాను. మా ఆవిడ అడిగింది, చెప్పాను. ఏదో ఒకటి అంటుందని చూశాను. తిడితే బాగుండేది. చివరికి, “సొరంగంలో లైట్లుంటాయిలే,” అంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. నాది తప్పని ఇప్పటికీ అంటుంది. కాదని నేననను. అవునని కూడా అనను. ఏమీ అడగనివాడికి ఏమీ అక్కర్లేదని అనుకోవడం ఎంత హాయో, అనుకునేవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి క్లినిక్కుకి వెళ్ళాను. పేషెంట్లు ఇంకా రాలేదు. ఆయన చేతులకి గ్లౌజులు తొడుక్కుంటున్నారు.

“ఏంటి బావగారూ, పన్ను నొప్పా?”

“కాదు. నా లైసెన్సు ఇవ్వండి.”

“ఎందుకు? పర్మిట్టు పని ఇంకా...”

“వ్యాను నేను నడపను.”

ఆయన గ్లౌజులు తీసేశారు. కోపం రాలేదు. నిజంగా అర్థం కాలేదు. “ఏమైంది? ఎవరైనా ఏమైనా అన్నారా? డ్రైవరనా? ఛ, ఛ, మాకు ఆ ఉద్దేశమే లేదు.”

“బైకు అనుకున్నాను.”

“బైకా? మీరా?” అని ఆగారు. “ముందే చెప్పొచ్చు కదండీ! ఇప్పుడు సీజను, ఇంకో బండి దొరకదు. పైగా సామాను...” కాస్త ఆలోచించారు. మొహం విప్పారింది. “ఒక పని చేద్దాం. చివరి రోజు నా ఎర్ర బైకు ఓ గంట మీకిస్తాను. సరేనా?”

“అప్పుడెక్కడ ఉంటాం?”

“విమానాశ్రయం దగ్గర. మంచి రోడ్డు బావగారూ. చదునుగా ఉంటుంది, ఏ మలుపూ ఉండదు.”

చెయ్యి చాపాను. ఆయన సొరుగు లాగి లైసెన్సు ఇచ్చారు.

బయటికొచ్చేసరికి అమ్మాయి డ్యూటీకని మెట్లు దిగుతోంది. నన్ను చూసి ఆగింది. దానికీ చెప్పాను. మొదటిసారి మొత్తం చెప్పాను. వీడియో, సరస్సు, లాండ్రీ జాగాలో సుద్దగీతలు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

“నిన్న మంచి పని చేశావన్నావు,” అంది.

“అన్నాను.”

“నేను ఇష్టమేనా అని అడిగాను కదా నాన్నా. మొహం మీదే అడిగాను కదా.”

“అడిగావు.”

“వాళ్ళ దగ్గర నీకోసం ఎంత పట్టుబట్టానో తెలుసా? ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పైకి వెళ్ళాలి? మీ నాన్నకి మర్యాద చేస్తే తిప్పికొట్టాడని అత్తయ్య అనదా?” ఇంకో మెట్టు దిగింది. “చిన్నప్పటి నుంచీ ఇంతే. నీకేం కావాలో ఒక్కసారి చెప్పలేదు. చెప్పింది ఇప్పుడా?”

ఆసుపత్రి దాకా దింపుతానన్నాను. వద్దని, కళ్ళు తుడుచుకుంటూ బస్టాపు వైపు నడిచింది. నేను బైకు తోసుకుంటూ కాస్త వెనగ్గా వెళ్ళాను. బస్సు వచ్చింది. ఎక్కి అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలాక బండి స్టార్టు చేసి ఇంటికి వచ్చేశాను.