నా కొలతకు దొరికిన మెడ

నేను ఒక కుక్క మెడపట్టీని. బజారులో బెల్టు అంటారు. నన్ను చూసి ఎవరూ జాలిపడనక్కర్లేదు.

విజయనగరంలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ముత్యాలు, బూట్లకు పోగా మిగిలిన తోలుతో నన్ను కుట్టాడు. ముక్క చిన్నది కనుక నేనూ చిన్నదాన్నే. అతడి కుట్టు గట్టిదని అందరూ మెచ్చుకునేవారు. డబ్బు మాత్రం చేతిలో పెట్టకుండా గోనె మీద పడేసేవారు.

గవరయ్య ఒక్కడే చేతికిచ్చాడు. జూట్ మిల్లులో పనిచేసి మానినవాడు, భార్య పోయినవాడు, జన్మలో కుక్కను పెంచనివాడు. అందుకే ముందు బెల్టు కొన్నాడు. కుక్కను తెచ్చాక గదా మెడ కొలిచేది అని ముత్యాలు నవ్వాడు.

"నా ఇల్లెంతో నాకు తెల్సు. దీన్లో పట్టిన మెడే నా ఇంట్లో పడతాది," అన్నాడు గవరయ్య.

నన్ను జేబులో వేసుకుని కుక్కల కోసం తిరిగాడు. పెళ్లిచూపుల్లో మనుషులు కళ్లతో కొలుస్తారు. ఈయన నాతో కొలిచాడు, అది నయం. తెల్లబొచ్చు పొమేరియన్‌కు సరిపోయాను. రోజూ దువ్వాలన్నాడు దుకాణంవాడు. తన తలే దువ్వుకోని గవరయ్య నన్ను వెనక్కి తీసుకున్నాడు. చప్పిడిముక్కు పగ్ గురగురమంటూ ఊపిరి తీస్తోంది. భార్య ఆఖరి రోజుల్లో ఆ చప్పుడు విన్నవాడు, వెంటనే బయటికొచ్చేశాడు. కూన అయితే అసలే వద్దన్నాడు. తన తర్వాత దాన్ని చూసేదెవరు?

చివరికి పశువుల ఆసుపత్రి వరండాలో, ఎవరో వదిలేసిపోయిన గోధుమరంగు పొట్టికుక్క కనబడింది. ఎదిగినదే. మొరగలేదు. ఆయన చెయ్యి వాసన చూసి పక్కన కూర్చుంది. ఆఖరి బెజ్జంలో పట్టాను.

ఆయన అద్దెకుంటున్న అపార్టుమెంటు సెక్రటరీ కామేశ్వర్రావు లిఫ్టు దగ్గర ఆపాడు. చిన్న కుక్కయితే పర్వాలేదని ముందు ఒప్పుకున్నవాడే.

"ఏ జాతండీ ఇది?"

గవరయ్య లిఫ్టు బటన్ నొక్కాడు.

"జాతికుక్కయితే సరే, గవరయ్యగారూ. ఊరకుక్కయితే కుదరదు. దాన్ని వదిలెయ్యండి, లేదా మీరే ఇంకో ఇల్లు చూసుకోండి."

"అద్దెకొచ్చినప్పుడు నన్నూ ఇదే అడిగినారు బాబూ. ఇల్లు కావాల గనక సెప్పినాను. దీనిది సెప్పను."

లిఫ్టు ఎక్కాడు. దాని మెడ మీద నేనూ ఎక్కాను. మర్నాడూ ఎక్కాం. మీటింగు పెట్టారు, ఆయన వెళ్లలేదు. ఖాళీ చెయ్యమని కబురు పంపారు. తాళం పగలగొట్టుకోండని తిరుగు కబురు పంపాడు. అద్దె అందుతున్నంత కాలం ఇంటాయన నోరెత్తలేదు. మిగతావాళ్లకు అడిగే నోరే ఉంది, పగలగొట్టే చెయ్యి లేదు.

కుక్క ముసలిదై ఆయన ఒళ్లోనే పోయింది. నన్ను ఆయనే విప్పాడు. వారం తిరక్కుండా కామేశ్వర్రావు తలుపు తట్టాడు. మనవరాలికి పగ్ పిల్లను కొన్నాడట, ఇలాంటి కుట్టు ఇప్పుడు దొరకడం లేదట.

"ఎలాగూ బెల్టు ఖాళీగానే ఉంది కదా. మాది మంచి జాతి."

"ఖాళీ నేదు బాబూ," అని గవరయ్య తలుపేశాడు.

భార్య చీర తగిలించి ఉన్న కొయ్యకే నన్నూ తగిలించాడు. ఆఖరి బెజ్జం సాగిపోయింది. లోపలివైపు ఇంకా నాలుగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఏ జాతివని అడక్కండి. నేనూ చెప్పను.