విద్యార్థిని రాలేదు

తూకం యంత్రాల ఫ్యాక్టరీలో ఆవిడని ఎదురుగా మేడమ్ అనేవారు, చాటుగా తిప్పుడు మేడమ్ అనేవారు. తనిఖీ బల్ల ముందు కూర్చుని, వెంట్రుకవాసి తేడా కనిపించినా సరుకు తిప్పి పంపేసేది. అలాంటి మనిషి చేసిన నిర్వాకం వినండి. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

కంపెనీ వాళ్లు సమాజసేవ అంటూ ఒకటి మొదలుపెట్టారు. సీనియర్లు ఒక్కొక్కరూ వృత్తివిద్యా కాలేజీలో ఒక్కో విద్యార్థి బాధ్యత తీసుకోవాలి. శనివారం సాయంత్రం గంటసేపు కూర్చుని పని మెలకువలు చెప్పాలి. ఏడాది తిరిగాక ఆ పిల్లలకు ఫ్యాక్టరీలో ట్రైనీ సీటు. మేడమ్ వంతుకి ఒక టైలరు కూతురు వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. అడగాల్సిన ప్రశ్నలు ముందే నోటుబుక్కులో రాసుకొచ్చేది.

నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక శనివారం మేడమ్‌కి ఒళ్లు బద్ధకించింది. మరో శనివారం చెల్లెలితో బట్టల షాపుకి పోయింది. మూడో శనివారానికి సాకు కూడా అక్కర్లేకపోయింది. ఒక్క ఫోను చేసి రానని చెబితే సరిపోయేది, అదీ చెయ్యలేదు. నెలాఖరున నింపే కాగితంలో, క్లాసు జరగకపోతే టిక్కు పెట్టడానికి రెండు గడులున్నాయి: ఉద్యోగి రాలేదు, విద్యార్థిని రాలేదు. మొదటిదానికి టిక్కు పెడితే మేనేజరు పిలిచి అడుగుతాడు. రెండోదానికి పెడితే ఎవరడుగుతారు? మూడుసార్లూ రెండోదానికే పెట్టి, కింద సంతకం గీకి, టీ తాగడానికి వెళ్లింది.

మూడు గైర్హాజర్లయితే సీటు రద్దు, ఇంటికి ఉత్తరం. ఆ నిబంధన మీటింగులో చదివినప్పుడు మేడమ్ ఫోను చూసుకుంటోంది. ఆ తర్వాతి శనివారాలూ అటు పోలేదు కాబట్టి ఏమీ తెలియలేదు. తీరా విద్యార్థుల కొత్త జాబితాలో పిల్ల పేరు కనబడక, సేవా కార్యక్రమాల ఆఫీసరుని అడిగితే విషయం బయటపడింది. ఉత్తరం వెళ్లి అప్పటికే మూడు వారాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానే అనుకుంది. అయినా చూడండి మనిషి బుద్ధి, టైలరు ఇంటికి వెళ్లే దారి పొడుగునా ఆవిడ వెతుక్కున్నది అతికేలాంటి అబద్ధం కోసమే.

ముందు గదిలోనే కుట్టుమిషను. టైలరు లేచి, స్టూలు మీది బట్టముక్కలు తీసేసి కూర్చోమన్నాడు. కంపెనీ మేడమ్ తన ఇంటికి రావడమే గొప్ప అన్నట్టు నిలబడ్డాడు. పిల్ల లోపలి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మనిషి సగమైంది. కాలేజీకి పంపడం మానేశానని టైలరే చెప్పాడు. శనివారం శనివారం ఎక్కడికి పోయిందో గానీ, ఉత్తరం వచ్చిన రోజు అడిగితే కాలేజీలోనే కూర్చున్నానని అబద్ధమాడిందన్నాడు. తన పెంపకం ఇలా ఏడ్చింది, మన్నించమని ఆవిడకే చేతులు జోడించాడు.

ఆ చేతులు చూసి మేడమ్, కాగితాల్లో ఏదో పొరపాటు జరిగిందని మొదలుపెట్టింది.

"ఎవరి పొరపాటమ్మా?" అన్నాడు టైలరు.

ఆఫీసు గుమాస్తాదని నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా పిల్లే అందుకుంది.

"నాదే అయ్యుంటుంది మేడమ్. మీరు పైగదిలో కూర్చున్నారేమో, నేను కిందే చూస్తూ కూర్చున్నాను. వెతకాల్సింది."

ఇంక ఆవిడ వల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "నేను అసలు రాలేదు," అంది. "ఆ మూడు శనివారాలూ రాలేదు. వచ్చింది మీ అమ్మాయి. రాలేదని రాసి సంతకం పెట్టింది నేను."

టైలరు తిడతాడేమోనని చూసింది, తిట్టినా బాగుండేది. ఆయన ఒక తెల్లకాగితం తెచ్చి మిషను బల్ల మీద పెట్టాడు. ఇప్పుడన్న మాట రాసిమ్మన్నాడు. ఆవిడ రెండు కాగితాలు రాసింది, ఒకటి ఆయనకి, ఒకటి కంపెనీకి. తిప్పుడు మేడమ్ అబద్ధం రాసిందని రేపు ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటుందని తెలిసే రాసింది.

టైలరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి కూతురి వైపు తిరిగాడు.

"తిన్నావా తల్లీ?" అన్నాడు.

మూడు వారాల్లో ఆయన ఆ పిల్లతో మాట్లాడిన మొదటి మాట అది. పిల్ల కళ్లు నిండాయి గానీ దగ్గరికి రాలేదు.

"నేను చెబితే నమ్మలేదు కదా నాన్నా," అంది. "కాగితం చెబితే నమ్మావా?"

మేడమ్ కలం మూత పెట్టడం కూడా మర్చిపోయి తల దించుకుని కూర్చుంది. పిల్ల లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.