బస్తాకి నాలుగు వందలు

రంజాన్ ఆఖరి పది రోజుల్లో నేను జకాత్ లెక్క తేలుస్తాను. ఏడాదిపాటు మన దగ్గర నిలిచిన సొత్తులో నూటికి రెండున్నర పేదలకు ఇవ్వాలి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపేవాడికి సొత్తంటే బ్యాంకులో డబ్బొకటే కాదు, గోదాములో సరుకు కూడా. 2024లో నా వంతు లక్షా ముప్పై వేలు తేలింది.

అదే పుస్తకంలో పదకొండేళ్లుగా కదలని బాకీ ఒకటి ఉంది. వజ్రపుకొత్తూరు దారిలో జీడితోట ఉన్న బొడ్డమ్మ, కూతురి నర్సింగు చదువుకని 2013లో లక్షా ఇరవై వేలు తీసుకుంది. తర్వాత ఆమె భర్త నారాయణమూర్తికి కిడ్నీలు పాడయ్యాయి. 2018లో తిత్లీ తుఫాను మూడెకరాల తోట మొత్తాన్నీ నేలకు పడుకోబెట్టింది. కూతురి జీతం తండ్రి మందులకే చాలడం లేదు. ఆ డబ్బు రాదని నేను ఎప్పుడో తేల్చుకున్నాను. ఇప్పుడు నాకో ఉపాయం తోచింది. ఆ బాకీ మాఫీ చేసి, దాన్నే జకాత్ కింద రాసుకుంటే? చేతి నుంచి ఇంకో పదివేలు ఇస్తే సరి.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా మసీదు ఇమాం సాబ్‌ని అడిగాను. ఆయన నవ్వాడు.

“పుచ్చు జీడిపిక్కలు మంచి పిక్కల్లో కలిపి అమ్మేవాడివి కావనుకున్నాను, గౌస్ భాయ్. జకాత్ అంటే నీ చేతిలోంచి పేదవాడి చేతిలో పడాలి. రాని బాకీ కొట్టేస్తే నీ చేతిలోంచి పోయిందేమిటి? కష్టంలో ఉన్నవాడికి గడువివ్వమన్నాడు అల్లా. వదిలేస్తే నీకే ఇంకా మంచిదన్నాడు. అది వేరే పద్దు.” మళ్లీ తనే అడిగాడు. “వడ్డీ ఏమైనా తీసుకున్నావా?”

“తౌబా! పదకొండేళ్లలో ఒక్క పైసా లేదు.”

“ఆమె పంట ఎవరికి వేసేది?”

“నాకే.”

“అందరికీ ఇచ్చే రేటుకేనా?”

నేను చెప్పులు వెతుక్కున్నాను. బాకీ ఉన్న రైతు దగ్గర బస్తాకి నాలుగు వందలు తగ్గించి కొనడం మా బజారులో అలవాటే. దాన్ని నేనెప్పుడూ వడ్డీ అనుకోలేదు.

“అప్పిచ్చినందుకు దక్కిన లాభానికి నువ్వు ఏ పేరైనా పెట్టుకో,” అన్నాడు ఆయన. “అల్లా దగ్గర దాని పేరు ఒకటే.”

మర్నాడు శనివారం. స్థలాల బ్రోకరు జగదీష్, బజారులో నేను పిక్కలు కొనే కొట్టుకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

“స్వీట్లు తెప్పించు బావా. ఓ, రోజా ఉన్నావు కదూ! అయితే సందేలకి తెప్పించు. మీ బొడ్డమ్మ రోడ్డు పక్క పాతిక సెంట్లు నాకు అమ్మేత్తంది. సోమారం రిజిస్ట్రేసన్. బాకీతో సచ్చిపోనని మొగుడు పట్టు పట్టాడంట. డబ్బు తిన్నగా నీ కాడికే వత్తాది. సచ్చిన బాకీ లేసొచ్చినాది, ఏటంటావు?”

“ఆ పాతిక సెంట్లలోనే కదా వాళ్ల నుయ్యి? తోటకి దారి కూడా అదే.”

“అదే మరి! దారి లేని తోట ఏం సేసుకుంతారు? ఏడాది తిరక్కుండా మిగిలింది ఆలే తెచ్చి నా సేతిలో ఎడతారు.” కన్ను గీటాడు.

నిజం చెప్పాలంటే ముందు నాకు సంతోషమే కలిగింది. లక్షా ఇరవై వేలంటే కొత్త డ్రయ్యరుకి అడ్వాన్సు. నిన్న ఆ బాకీ వదిలేయడానికి నాకు పైసా ఖర్చు లేదు. ఇవాళ వదిలితే లక్షా ఇరవై ఖర్చు.

జగదీష్ వెళ్లాక పాత పుస్తకాలు దించాను. అప్పు తీసుకున్నాక తుఫాను వచ్చేలోపు ఐదు పంటలు. ఏడాదికి ఇరవై చొప్పున నూరు బస్తాలు. బస్తాకి నాలుగు వందలు. వడ్డీ తీసుకోనని ఊరంతా చెప్పుకున్నవాడి పుస్తకంలో నలభై వేలు!

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద వెళ్లాను. తుఫాను తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడు నా తలకి పైన ఉన్నాయి. బొడ్డమ్మ రాలిన పండ్ల నుంచి పిక్కలు తిప్పి తీస్తోంది. నారాయణమూర్తి నుయ్యి పక్కన నులక మంచం మీద పడుకుని ఉన్నాడు.

“రేపు నానే వత్తును కదా బాబూ. ఎండన పడి నువ్వెందుకు వచ్చినావు?” అంది ఆమె.

“స్థలం అమ్మొద్దు బొడ్డమ్మా. బాకీ వదిలేస్తున్నాను.”

ఆమె చేతులు ఆగాయి. “నాకొద్దు. సాయిబు కాళ్లు పట్టుకుని ఒగ్గేయించుకుందని ఊళ్లో అంతారు.”

“అంతా వదిలేయడం కాదు. అందులో నలభై వేలు అసలు నీదే.” తగ్గించి కొన్న లెక్క చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె నవ్వింది. “నలభై కాదు. నలభై ఎనిమిది.”

“ఏమిటీ?”

“నాకు తెల్దేటి బాబూ? బజారు రేటెంత, నువ్విచ్చిందెంత, ఏటేటా మా పిల్ల నోటుబుక్కులో పక్కపక్కన రాయించినాను. నాలుగో ఏడు రేటు పైకెళ్లిపోనాది. ఆ ఏడు బస్తాకి ఎనిమిదొందలు తగ్గించినావు.”

గుర్తొచ్చింది. నిజమే. ఇరవై బస్తాల మీద ఇంకో ఎనిమిది వేలు.

“మరి ఇన్నాళ్లూ అడగలేదేం?”

“బాకీ ఉన్నోలు అడుగుతారేటి?”

నేను జేబులోంచి బిల్లుబుక్కు తీశాను. “సరే, నలభై ఎనిమిది. అది చెల్లిపోయింది. మిగతా డెబ్బై రెండు వేలు నేను వదులుతున్నాను.”

“సెల్లింది సెల్లింది. ఆ డెబ్బై రెండూ నా అప్పే. కట్టేత్తాను.”

“నుయ్యి అమ్మి కడతావా? ఈ చెట్లకి నీళ్లెక్కడివి? ఈ డబ్బు నీ దగ్గర నేను రాసుకునేది కాదు బొడ్డమ్మా. పైవాడి దగ్గర రాసుకునేది. నా పద్దుకి నువ్వు అడ్డం రాకు.”

మంచం మీంచి నారాయణమూర్తి దగ్గుతూ నవ్వాడు. “ఓలే, ఆయన దేవుడి కాడ జమ సేసుకుంతానంతన్నాడు. మనకేటి నట్టం? బాకీ లేదని కాయితం రాయించుకో. నాకు అదే గదా కావాల.”

బిల్లుబుక్కులో రాసి సంతకం పెట్టాను. బొడ్డమ్మ దాన్ని రెండుసార్లు చదివి కొంగున ముడేసుకుంది.

“మరి ఇంక నాను నీకు బాకీ లేను కదా?”

“లేవు.”

“అయితే ఈ ఏడు పిక్కలు నీకే ఏత్తానని సెప్పను. ఎవుడు ఎక్కువిత్తే ఆడికి.”

నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. ఒక్క పొద్దులో లక్షా ఇరవై వేలూ, ఖాయమైన పంటా రెండూ పోయాయి. అయినా దారి పొడవునా ఎందుకో ఈల వేసుకుంటూనే వచ్చాను.

సోమవారం పది గంటలకి ఆటోలో తొమ్మిది బస్తాలతో బొడ్డమ్మ కాశీబుగ్గలో దిగింది. తుఫాను తర్వాత ఆ తోట నుంచి బజారుకి వచ్చిన మొదటి పంట. రిజిస్ట్రేషనుకి తీసుకెళ్దామని జగదీష్ కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, అతను స్థలానికి ముందుగా ఇచ్చిన బయానా పదివేలు నడిబజారులో అతని చేతిలో పెట్టింది.

“లెక్కెట్టుకో బాబూ. ఒక్క నోటు కూడా తియ్యలేదు.”

“అదేటి? మాటిచ్చినావు కదే!”

“బాకీ కట్టడానికి ఇచ్చినాను మాట. బాకీ లేదు. నీకు అంత నుయ్యి కావాలంటే నువ్వు తవ్వించుకో.”

పప్పు పొట్టు తీసే పీలింగు పనికి పోతున్న ఆడవాళ్లు పక్కున నవ్వారు. జగదీష్ అందరి ముందూ నోట్లు లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

ఆమె రెండు కొట్ల దగ్గర ఆటో ఆపి రేటు అడిగింది. ఆఖరున నా కాటా ముందు ఆగింది.

“పక్కాయన ఎనిమిది వేల ఆరొందలన్నాడు. నువ్వేటంతావు?”

నాలుగు పిక్కలు కత్తెరలో కోసి చూశాను. లేత చెట్ల పంట, పప్పు నిండుగా, తెల్లగా ఉంది. “ఎనిమిది వేల ఏడు వందలు.”

“ఎనిమిదొందలు సెయ్యి. లేదంటే ఆటో తిప్పుతాను.”

“నా కొట్టు మూయించేలా ఉన్నావు.”

“నువ్వు మూయవులే. నాకు తెలుసు.”

ఎనిమిది వేల ఎనిమిది వందలకి తెగింది. జకాత్ డబ్బు లక్షా ముప్పై వేలూ ఆ వేళే చేతి నుంచి వేరుగా తీసి పంచాను, పదివేలు కాదు.

తొమ్మిదో బస్తా కాటా మీదికి ఎక్కగానే నేను అంకె చెప్పబోయాను. బొడ్డమ్మ నన్ను చేత్తో పక్కకి జరిపింది. తనే వంగి చూసి, బజారంతా వినేలా చదివింది.

“ఎనభై కిలోలు! రాసుకో సావుకారూ.”

రాసుకున్నాను.