ఆసామి గదిలో అడిగిన ప్రశ్న

సిరిసిల్లలోని ఒక డిగ్రీ కాలేజీలో మరమగ్గాల మీద రెండు రోజుల పరిశోధన సదస్సు జరిగింది. మొదటిరోజు మధ్యాహ్నం నాజియా తన పత్రం చదివింది. ఆమెది కోరుట్ల, అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడు. నూట ఇరవై మంది కార్మికులను అడిగితే నూట పన్నెండు మంది పని తృప్తిగానే ఉందన్నారని తెర మీద చూపించింది. ముందు వరుసలో ఆమె గైడ్ విజయ మేడం తల ఊపింది.

ప్రశ్నలు అడగమనగానే వెనక నుంచి ఒకాయన లేచాడు. తంగళ్ళపల్లి వెంకటేశం. పాతికేళ్లుగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు. శాలువా కప్పి సన్మానిస్తామని నిర్వాహకులే పిలిచారు.

"మేడం, గా నూట పన్నెండు మందిల నేను గూడ ఉన్న. మీరు అచ్చిననాడు సాంచాల చప్పుడుకు ఏం ఇనవడకపోతే ఆసామి రూముల కూసోవెట్టి అడిగిన్రు. ఆయిన పక్కనే ఉన్నడు. ఆయిన ముంగట మంచిగ లేదని ఎట్ల చెప్తం?"

నాజియాకు ఆ గది గుర్తొచ్చింది. సాంచాల యజమాని అయిన ఆసామే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, పనివాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు. పని తొందరగా అవుతోందని ఆమె సంతోషపడింది కూడా.

"పరిమితులు లేని సర్వే ఉండదమ్మా. కింద ఒక నోట్ రాస్తె అయిపోతది," అంది విజయ మేడం, సభ ముగిశాక.

"కాదు మేడం. అడిగిన తీరే తప్పు. పత్రం వాపసు తీసుకుంట."

"ఈసారి సదస్సు పుస్తకంల నీది రాదు మరి."

"రాకపోతే రాకపాయె."

బయట వెంకటేశం చాయ్ తాగుతున్నాడు. "మీకు పని కాడ ఇబ్బంది అయితదేమో అన్నా," అంది నాజియా.

"ఆసామి రెండు దినాలు మూతి ముడుచుకుంటడు. మనిషి దొరకకపోతే మళ్ల ఆయినే పిలుస్తడు," అని నవ్వాడాయన. "ఈసారి ఇండ్ల కాడికి రాండ్రి."

నాలుగు నెలలు సెలవు దొరికినప్పుడల్లా ఆమె బస్సెక్కి, వేములవాడలో మారి, ఇల్లిల్లూ తిరిగింది. కొందరు అరుగు మీదే నిలబెట్టి పంపేశారు. వెంకటేశం ఇంట్లో ఆయన జవాబులు రాసుకుని లేవబోతుంటే, ఆయన భార్య నీల ఆపింది.

"ఆయినను రెండుసార్లు అడిగిన్రు. ఇరవై ఏండ్ల సంది సాంచాలకు నేను నూలు కండెలు చుడుతున్న. నన్ను ఒక్కసారన్న అడగరా?"

నాజియా మళ్లీ కూర్చుంది. ఆమె ఫారంలో కండెలు చుట్టేవాళ్లకు చోటే లేదు. తెల్లకాగితం మీద రాసుకుంది. ఆ తర్వాత ప్రతి ఇంట్లో ఆడవాళ్లనూ అడిగింది.

మరుసటి ఏడాది జగిత్యాల సదస్సులో కొత్త పత్రం చదివింది. కండెలు చుట్టే ఆడవాళ్లతో కలిపి ఇళ్ల దగ్గర అడిగిన నూట యాభై మందిలో తృప్తిగా ఉందన్నవాళ్లు నలభై మూడు మందే. మొదటి లెక్క ఎందుకు తప్పిందో కూడా దాచకుండా చెప్పింది. చాలాసేపు ప్రశ్నలు వేశారు. కొన్నింటికి ఆమె దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పింది. ఆ పత్రం ఆ సదస్సు సంపుటిలో అచ్చయింది.