ఎనిమిది గంటల సేవ

మా కంపెనీలో సేవ పూర్తిగా స్వచ్ఛందం. రానివాళ్ళు కారణం రాసి సంతకం పెట్టివ్వాలి. ఏడాదికి ఎనిమిది గంటలు నిండకపోతే ఇంక్రిమెంటు దగ్గర మాట పడుతుంది. అంతకుమించి బలవంతం ఏమీ లేదు.

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ. నాది ప్యాకింగు సెక్షను. మా అమ్మ సోమమ్మ చిట్కుల్‌లో నాతోనే ఉంటుంది. పోయిన నెల చూపు ఆనక, బీపీ గోళీ అనుకొని షుగరు గోళీ రెండోసారి మింగి కళ్ళు తిరిగి పడింది. అద్దాలకు తీసుకెళ్తానని ప్రతి ఆదివారం చెబుతున్నాను. ప్రతి ఆదివారం ఓవర్‌టైం, అదే ఓటీ, పడుతోంది. ఈ ఆదివారం ఓటీ లేదు, సేవ పడింది. చిట్కుల్ బడిలోనే ఉచిత కంటి శిబిరం, అద్దాలు కూడా అక్కడే ఇస్తారు.

"ఇంటి పక్కనే గదరా, నేనొస్త," అంది అమ్మ.

"ఉద్యోగుల ఇంటోళ్ళకు ఇయ్యరంటనే. బయటి పేదోళ్ళకే."

"మనమేమన్న లోపలి పేదోళ్ళమా?"



ఆదివారం పొద్దున కంపెనీ ఇచ్చిన పసుపు టీషర్టు తొడుక్కొని ఫారాల బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కన హెచ్ఆర్ మేడం రమ్యశ్రీ. పదకొండింటికి తలెత్తితే వరసలో మా అమ్మ! ఆమె నావైపు చూడనైనా లేదు. వెనక మా గల్లీవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ గోడకేసి చూస్తున్నారు. అమ్మ పరీక్ష చేయించుకొని, అద్దాలు పెట్టుకొని తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"బాగా కనిపిస్తోందా అమ్మా?" అని అడిగింది మేడం.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మంచిగ కనిపిస్తుంది మేడం. గీ పిల్లగాడేంది గింత బక్కగున్నడు? తల్లి బువ్వ పెడ్తలేదా?"

మేడం పకపకా నవ్వింది. "చెప్పండి బాలరాజ్ గారూ!"

"పెడ్తది మేడం. నేనే టైముకు తింటలేను."

"తినాలె సారూ. తల్లి పరేషానయితది," అంది అమ్మ.

ఇక అద్దాలు ముట్టినట్టు ఫారం నింపాలి. "పేరు?" అన్నాను.

"సోమమ్మ."

రాశాను. వయసు కూడా అడిగి రాశాను. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆపాను. మేడమే వంగి చదివింది: "కొడుకులెంతమంది? ఏం పని చేస్తారు?"

"లేరు," అంది అమ్మ తడుముకోకుండా. "రాసుకో సారూ."

సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ టీషర్టు విప్పి అవతల పారేయాలనిపించింది. అమ్మకు చదువు రాదు. అయినా బల్ల మీదికి వంగి, కొత్త అద్దాల్లోంచి నేను రాసేదాకా చూసింది.

"రాసినవా?"

"రాసిన."

మేడం మనసు కరిగిపోయింది. "అయ్యో పాపం! బాలరాజ్ గారూ, ఈవిణ్ణి చెయ్యి పట్టుకొని ఇంటిదాకా దింపి రండి."

నేను గబుక్కున లేచాను. అమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

"వద్దు మేడం. మా గల్లీల ఎవలన్న సూస్తే కొడుకనుకుంటరు."