మాట్లాడే తుక్కు

సుత్తి దెబ్బ తిన్న యంత్రం మాట్లాడింది. "మూడో పాఠం" అంది ఆడగొంతుతో. దాని అద్దం అప్పటికే నుజ్జయింది. మళ్లీ కొట్టబోయిన అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మాది తుక్కు పని. జనం పారేసిన ఫోన్లూ కంప్యూటర్లూ లారీల్లో వచ్చి మా షెడ్డులో పడతాయి. పగలగొడతాం, తీగలు కాల్చి రాగి తీస్తాం, ఆ పొగ మేమే మింగుతాం. ఏది వచ్చినా ముందు బొమ్మ కనపడే తెర అద్దం పగలాలన్నది కంట్రాక్టరు పెట్టిన రూలు. బాగున్న సరుకు షెడ్డు దాటితే కంపెనీవాడి కొత్త సరుకు ఎవడు కొంటాడు? ఈ మాట కంట్రాక్టరు అనడు, నేనంటున్నాను.

షెడ్డులో అందరికీ అక్కే అయినా, ఆమెకున్నది ఒక్క చెల్లెలు. చూపులేని పిల్ల, అంధుల బడిలో చదువుతోంది. పుస్తకం కింద పెడితే చదివి వినిపించే యంత్రాల మీదే ఆ బడి నడుస్తోంది. ఇవి పాతబడ్డాయి, కొత్తవి తీసుకోండంటూ అద్దెకిచ్చిన కంపెనీ వాటిని ఎత్తుకుపోయింది. కొత్తవాటికి బడి దగ్గర డబ్బెక్కడిది? పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి, పిల్ల అన్నం ముట్టడం లేదని అక్క మా దగ్గర ఏడ్చేది. చెల్లెలి కోసం వెళ్లినప్పుడల్లా బడి కిటికీలోంచి ఆమె విన్న గొంతు ఇదే. ఆ పిల్లల చదువును మా చేతులతో మేమే బద్దలు కొడుతున్నాం. 

వీటిని బడికి తిరిగిచ్చేద్దామా వద్దా అని ఆ మధ్యాహ్నం పని ఆపి వాదించుకున్నాం. తీగలు కాల్చే కొలిమి తాత వద్దన్నాడు. కూలి పోతే పిల్లలకేం పెడతామన్నాడు, అదీ నిజమే. అయినా అద్దాలు పగిలాక వీటితో ఎవరికేం లాభమని ఇంకొకరన్నారు. అక్క వెళ్లి చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల పగిలిన యంత్రాన్ని తడిమి, మీట నొక్కి, చెవి ఆనించింది.

"మాకు అద్దంతో పనేంటక్కా? పలికితే చాలు."

తాత తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. కుప్పలోంచి మొదటి యంత్రం తీసింది ఆయనే.

కుప్పలో సగందాకా వెతికి, పలికేవి ఏరి, పట్టపగలే నెత్తిన పెట్టుకుని బడికి చేర్చాం. కంట్రాక్టరు దొంగతనం కేసు పెట్టాడు. పోలీసులు వచ్చి ఎవరు చెయ్యమన్నారని అడిగితే, నేనే అని అక్క జీపెక్కింది. మేం సుత్తులు కింద పడేశాం.

మర్నాడు కంట్రాక్టరు ఎక్కడినుంచో కొత్త కూలీలను లారీలో దింపాడు. గేటుకు అడ్డంగా మేం కూర్చున్నాం, మా ముందు బడి పిల్లలు కూర్చున్నారు. కొత్తవాళ్లలో ఒకావిడ చెల్లెలి దగ్గర ఆగి, ఇదంతా ఏమిటని అడిగింది. మా చదువు లోపల ఇంకా ఉంది, దాన్ని పగలగొట్టించడానికే మిమ్మల్ని తెచ్చారని పిల్ల చెప్పింది. లోపలికి నడవమని కంట్రాక్టరు అరిచాడు. ఆవిడ వినలేదు.

"కాస్త జరుగమ్మా, నేనూ కూర్చుంటా."

"మా అక్కను వదిలేదాకా లేవం మరి."

"లెమ్మని ఎవరన్నారు?"

ఆవిడ కూర్చుని, లారీ దగ్గర నిలబడ్డ తనవాళ్లను చెయ్యూపి పిలిచింది.